మందు కొట్టే చేతిని అడిగిందెవరు?

పత్తి చేలల్లో, మిరప తోటల్లో మందు కొట్టే రోజులొస్తే కూలీ ఇంటికి రాత్రిపూటే కబురు వస్తుంది. "ఏమోయ్, రేపు మన చేలో పదిహేను ట్యాంకులు కొట్టాలి, పొద్దున్నే రా." అంతే. ఏ మందో చెప్పరు. ఎన్ని రకాలు కలుపుతారో చెప్పరు. పంపు కారుతున్నదో లేదో, కడుక్కోవడానికి చేలో నీళ్లున్నాయో లేవో చెప్పరు. కూలీ కూడా అడగడు. అడిగితే "నీకెందుకోయ్, కొట్టడమే నీ పని" అంటారనీ, ఎల్లుండి మరొకణ్ణి పిలుస్తారనీ అతనికి తెలుసు.

సాయంత్రానికి కళ్లు మసకబారతాయి. తల దిమ్మెక్కుతుంది. నోట్లో నీళ్లూరుతాయి, వాంతులవుతాయి. చాలామంది మజ్జిగ తాగి పడుకుంటారు. కొంతమందిని ఆర్.ఎం.పి. దగ్గరకు, ఇంకొంతమందిని ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. అక్కడి నుంచి తిరిగిరాని వాళ్లూ వుంటారు. అప్పుడు ఊళ్లో, షాపు ముందు, ఆఫీసుల్లో వినపడే మాటలు మనందరికీ కంఠతా వచ్చు. "మూతికి గుడ్డ కట్టుకోలేదు." "పరగడుపున పోయాడు." "గాలికి ఎదురు కొట్టాడు." "తాగి వున్నాడేమో." చచ్చినవాడి మీదే నేరం మోపి కేసు మూసేస్తారు.

మేము చెప్పదలచింది ఒక్కటే. 'కూలీ జాగ్రత్త తీసుకున్నాడా?' అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే వుంది. పని మొదలుపెట్టే ముందు కూలీకి ఎవరైనా చెప్పారా? నేర్పారా? అన్నిటికన్నా ముఖ్యంగా, అతన్ని ఎవరైనా అడిగారా? ఈ మొదటి ప్రశ్న వెయ్యకుండా రెండోదానికి పోవడం అన్యాయం.

ఫ్యాక్టరీకి ఒక న్యాయం, పొలానికి ఒక న్యాయం

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు వెలువడి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది మన చేలల్లో చల్లే పురుగుమందే. కార్బరిల్ దాని పేరు, 'సెవిన్' అని డబ్బాల మీద అమ్మేవారు. ఆ ఘోరం జరిగాక దేశమంతా అట్టుడికింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకరమైన పనులు జరిగే ప్రతి ఫ్యాక్టరీలో భద్రతా కమిటీ వుండాలనీ, అందులో యాజమాన్యం ప్రతినిధులెంతమందో కార్మికుల ప్రతినిధులూ అంతమందే వుండాలనీ రాశారు. ప్రమాదాల గురించి తెలుసుకునే హక్కు, శిక్షణ పొందే హక్కు, ముప్పు కనపడితే హెచ్చరించే హక్కు కార్మికుడికి యిచ్చారు. ఆ ప్రమాదకర పరిశ్రమల జాబితాలో పురుగుమందుల పరిశ్రమ పేరు కూడా వుంది.

బాగుంది. అయితే ఆ మందు ఫ్యాక్టరీ గేటు దాటి, లారీ ఎక్కి, షాపులో దిగి, చేలోకి వచ్చేసరికి ఏమైంది? విషం మారలేదు. హక్కు మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది. గేటు లోపల దాన్ని సీసాలో నింపేవాడికి కమిటీ వుంది, ప్రతినిధి వున్నాడు. గేటు బయట అదే సీసా మూత తీసి బక్కెట్లో కలిపే మన అక్కకు ఏమీ లేదు.

కాగితం మీది ఆ ఫ్యాక్టరీ హక్కు కూడా ఇప్పుడు పలచబడింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చారు. పాత ఫ్యాక్టరీల చట్టం 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్‌లో కలిసిపోయింది. పాత చట్టం ప్రమాదకర ఫ్యాక్టరీల్లో కమిటీ 'వెయ్యాలి' అన్నది. కొత్త కోడ్ ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా కమిటీ 'వెయ్యమనవచ్చు' అంటున్నది. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరమో దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన కూలీకి వేరే చెప్పనక్కరలేదు. ఇక మన సంగతి చూస్తే ఆ కోడ్ ప్రధానంగా పదిమంది, ఆ పైన పనిచేసే చోట్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. మందు కొట్టే జట్టులో నలుగురో అయిదుగురో వుంటారు. చట్టం గుమ్మంలోకే మనం రాలేదన్నమాట.

పెన్‌గంగ అవతల జరిగింది

ఆదిలాబాద్ జిల్లాకు పెన్‌గంగ అవతల మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా వుంది. ఇవతలా పత్తే, అవతలా పత్తే. 2017 వానాకాలం సీజన్‌లో అక్కడ పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. చూపు దెబ్బతిన్నవాళ్లు వున్నారు. వాళ్లలో ఎక్కువమంది కూలికి మందు కొట్టినవాళ్లు, చిన్న రైతులు. ఆ ఏడు చేను మనిషెత్తు పెరిగిందనీ, మందు మొహం మీదే పడిందనీ, రెండు మూడు రకాలు కలిపి కొట్టారనీ కారణాలు చెప్పారు. చివరకు ప్రభుత్వం కొన్ని మందుల అమ్మకాన్ని కొద్దికాలం ఆపింది.

మేము అడిగేది ఇది. చేను మనిషెత్తు పెరిగిందని అందరికన్నా ముందు ఎవరికి తెలుసు? అందులో నడిచినవాడికి తెలుసు. మందు తలమీద పడుతున్నదని ఎవరికి తెలుసు? తడిసినవాడికి తెలుసు. మొదటి వారంలో నలుగురు పడిపోయినప్పుడు ఆ కూలీల తరఫున ఒక్క ప్రతినిధి వుండి, "అయ్యా, ఈ చేలో ఈ మందు ఇలా కొట్టడం కుదరదు" అని చెప్పే చోటూ, వినవలసిన బాధ్యత వున్న అధికారీ వుంటే, ఆ సీజన్ అంతా చావులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే వాళ్లమా?

మరో సంగతి. మోనోక్రోటోఫాస్ అనే మందు మన పల్లెల్లో ముసలివాళ్లకు కూడా తెలుసు. 2005లో దాన్ని కూరగాయల మీద వాడకూడదని నిషేధించారు. తినేవాడి ప్రాణం గుర్తుకొచ్చింది, మంచిదే. కాని పత్తి మీద అదే మందు కొట్టేవాడి ప్రాణం అప్పుడు గుర్తుకు రాలేదు. దాని 36 శాతం ద్రవాన్ని ఆపడానికి 2023లో గాని ఉత్తర్వు రాలేదు. అదైనా వున్న సరుకు అమ్ముకోవడానికి గడువు యిచ్చి మరీ. నిర్ణయాలు చేసే చోట కొట్టేవాడి మాట లేకపోతే లెక్క ఇలాగే వుంటుంది.

శిక్షణ ఎవరికి యిచ్చారు?

చట్టాలు అసలు లేవని మేము అనడం లేదు. 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది, 1971లో దాని కింద నియమాలు వచ్చాయి. మందు చల్లే పనిలో వున్నవాళ్లకు వైద్య పరీక్షలు చేయించాలనీ, ఒంటికి రక్షణ దుస్తులు, ముక్కుకు సాధనాలు యివ్వాలనీ, విరుగుడు మందులు దగ్గర వుంచాలనీ అందులో రాసిపెట్టారు. జాగ్రత్తల మీద పనివాళ్లకు శిక్షణ ఏర్పాటు చెయ్యవలసింది మందు తయారుచేసే కంపెనీలు, పంపిణీదారులు, పని నడిపేవాళ్లు అని కూడా రాశారు. అంటే శిక్షణ కంపెనీ దయాధర్మం కాదు, దాని బాధ్యత.

మరి ఇన్నేళ్లలో ఎంతమంది కూలీలను ఆ శిక్షణకు పిలిచారో మన వాడలో అడిగి చూడండి. మేము అడిగిన చోటల్లా నవ్వే సమాధానమైంది. కంపెనీవాళ్లు మీటింగు పెడతారు. షామియానా వేస్తారు, టోపీలు, సంచులు పంచుతారు. కుర్చీల్లో కూర్చునేది భూమివున్న రైతులు, షాపు యజమానులు. చెప్పేది ఏ పురుగుకు ఏ మందు అన్నది. మందు కొట్టేవాడు ఆ రోజు మరో చేలో మందు కొడుతూ వుంటాడు. కలిపే ఆడకూలీ సంగతి ఎవరికీ తట్టదు. అసలు చిక్కటి మందు చేతికి తగిలేది కలిపేటప్పుడే, అందరికన్నా ఎక్కువ ప్రమాదం అక్కడే. మర్నాడు అదే చేలో కలుపు తీసేదీ ఆవిడే, యింటికొచ్చి మందుతో తడిసిన బట్టలు పిండేదీ ఆవిడే.

డబ్బా మీద గుర్తులు వుంటాయి. ఎరుపు త్రికోణం వుంటే అత్యంత విషం, పసుపు దాని తర్వాతది, నీలం దానికన్నా తక్కువ, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. చదువురాని వాళ్లకోసమే ఈ రంగులు పెట్టారు. కాని డబ్బా రైతు దగ్గరో, గట్టు మీదో వుంటుంది. కూలీ చేతికి వచ్చేది బక్కెట్లో కలిపిన తెల్లనీళ్లు. తెల్లనీళ్లకు త్రికోణం వుండదు.

కూలీకి తెలిసినవి ఎవరికీ తెలియవు

'సంప్రదింపు' అనే మాట పెద్దగా కనపడుతుందిగాని దాని అర్థం చిన్నది. పనిచేసేవాణ్ణి ముందుగా అడగడం, అతను చెప్పింది లెక్కలోకి తీసుకోవడం. దీనివల్ల లాభమేమిటని అడిగేవాళ్లున్నారు. ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన మాతో అన్నాడు: "మాస్కు కట్టుకో అంటారయ్యా. ఎండలో ట్యాంకు మోసుకుని ఆ మడిలో నడిచి చూడమను. పది నిముషాల్లో ఊపిరాడదు, తీసేస్తాం. చల్లపొద్దున మొదలెట్టి పదింటికల్లా ఆపేద్దాం అంటే మాత్రం వినరు. ట్యాంకుకింత అని కూలి కడితే పదింటికి ఎవడాపుతాడు?"

ఆ నాలుగు మాటల్లో ఎంత వుందో చూడండి. ట్యాంకు లెక్కన కూలి యిచ్చినంతకాలం తొందర వుంటుంది. తొందర వున్నంతకాలం జాగ్రత్త వుండదు. మూతికి కట్టే తువ్వాలు కాసేపట్లో మందుతో తడిసి, ఆ మందునే మొహానికి అంటించి వుంచుతుంది. కారే పంపు వీపంతా తడుపుతుంది. ఈ మందుల్లో చాలావాటికి నోరే అక్కరలేదు, చర్మం గుండానే ఒంట్లోకి దిగుతాయి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం తప్ప గతిలేదు, సూదో పుల్లో ఎవరూ యివ్వరు. ఏ.సి. గదిలో రాసిన జాగ్రత్తల కాగితంలో ఇవి వుండవు. ఇవి చెప్పగలిగింది కూలీ ఒక్కడే. అందుకే అతన్ని అడగాలి అంటున్నాం.

ఇప్పుడు తైవాన్ పంపులు పోయి డ్రోన్‌లు వస్తున్నాయి. నడిపేవాళ్లకు శిక్షణ యిస్తున్నారు. పక్క చేలో నాట్లు వేసే ఆడవాళ్ల మీద ఆ తుంపర పడితే ఏమిటి, మళ్లీ ఆ చేలోకి ఎన్ని రోజులకు దిగాలి అన్నది వాళ్లకు ఎవరు చెబుతారు? 2001లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యం మీద 184వ ఒడంబడిక చేసింది. కొత్త యంత్రాలు, కొత్త పద్ధతుల వల్ల వచ్చే ప్రమాదాలతో సహా అన్నీ వ్యవసాయ కార్మికులకు తెలియజెప్పాలనీ, వాళ్లతో సంప్రదించాలనీ, భద్రతా ప్రతినిధులను వాళ్లే ఎన్నుకోవాలనీ, ప్రాణం మీదికొస్తే పని ఆపి పక్కకు తప్పుకునే హక్కు వుండాలనీ దానిలో వుంది. మన దేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. గ్రామీణ కార్మికుల సంఘాల హక్కు గురించిన 141వ ఒడంబడికను మాత్రం 1977లోనే ఆమోదించింది. సంఘం పెట్టుకోవచ్చట, సంఘం తరఫున ప్రాణం గురించి మాట్లాడటానికి మాత్రం చోటు లేదట!

నలుగురి జట్టుకు ప్రతినిధి ఎలా?

"పొలంలో కమిటీ ఎలా వేస్తారండీ, రోజుకో చేను, రోజుకో యజమాని" అని నవ్వేవాళ్లకు మా సమాధానం వుంది. స్వీడన్ దేశంలో చిన్నచిన్న పని చోట్లకు ఇదే చిక్కు వచ్చింది. 1974లో అక్కడ చట్టంలో దారి చూపారు. సొంతంగా కమిటీ వేసుకోలేని చిన్న చోట్లన్నిటికీ కలిపి ఆ ప్రాంతానికి ఒక భద్రతా ప్రతినిధిని కార్మిక సంఘం నియమిస్తుంది. ఆ మనిషి చోటుచోటుకూ తిరుగుతాడు, చూస్తాడు, అడుగుతాడు. ఆ పద్ధతి అర్ధ శతాబ్దంగా నడుస్తున్నది.

మన దగ్గర జట్లు లేవా? ప్రతి ఊళ్లో నాట్ల ముఠా వుంది, కోత ముఠా వుంది, మందు కొట్టే కుర్రాళ్ల జట్టు వుంది. కూలి రేటు మాట్లాడటానికి జట్టుకు ఒక మనిషి వున్నాడు. రేటు మాట్లాడే నోరు ప్రాణం గురించి మాట్లాడలేదా? జట్టుకు ఒక ప్రతినిధి, మండలానికి ఒక తిరుగుడు ప్రతినిధి వుంటే చాలు. కావలసింది ప్రభుత్వం వాళ్లను గుర్తించడం, అధికారులు వాళ్ల మాటకు జవాబు చెప్పి తీరాలన్న నియమం.

చట్టంలో సందు కూడా వుంది. పదిమంది లెక్క వున్నా, ప్రాణాపాయమున్న పని అని కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తే ఆ లెక్క అడ్డురాదని 2020 కోడ్‌లోనే వుంది. పురుగుమందు కొట్టడం ప్రాణాపాయమున్న పని కాదని చెప్పే ధైర్యం ఏ మంత్రికుంది? 1923 నాటి పరిహార చట్టం జాబితాలోకి పొలాల్లో పురుగుమందు చల్లేవాళ్లను ఏనాడో చేర్చారు. ఆ చట్టం కూడా ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. అంటే ఈ పనిలో మనుషులు చస్తారని సర్కారుకు ఎప్పటినుంచో తెలుసు. చచ్చాక పరిహారం లెక్కగట్టడానికి గుర్తొచ్చిన కూలీ, బతికుండగా సలహా అడగడానికి ఎందుకు గుర్తురాడు?

ఇది రైతుతో తగవు కాదు

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇది రెండెకరాల రైతు మీద కత్తి దూయడం కాదు. కౌలు రైతుల్లో చాలామంది సొంతంగానే ట్యాంకు భుజాన వేసుకుంటున్నారు. కూలీకి పట్టే విషమే వాళ్లకూ పడుతున్నది. షాపువాడు అప్పు మీద ఏ మందిస్తే అది తెచ్చుకోవడం తప్ప వాళ్లకూ వేరే దారి లేదు. రక్షణ దుస్తుల ఖర్చు, శిక్షణ ఖర్చు భరించవలసింది మందు అమ్మి లాభం తీసేవాళ్లు. చేయించవలసింది వ్యవసాయ శాఖ. రైతూ కూలీ ఒకరి మీద ఒకరు నేరం తోసుకుంటే నవ్వుకునేది కంపెనీవాడే. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం రెండువేల మొదటి సంవత్సరాల్లో ఊరంతా కూర్చుని మాట్లాడుకుని పురుగుమందులు వదిలేసింది. అన్ని ఊళ్లకూ ఒక్కరోజులో అది సాధ్యం కాకపోవచ్చు. కాని ఊరు కూర్చుని మాట్లాడుకుంటే దారి దొరుకుతుందని అది రుజువు చేసింది.

ఈ సీజన్ నుంచే మొదలుపెడదాం

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ప్రతి ఊళ్లో ఈ పనులు మనమే మొదలుపెట్టవచ్చు.

ప్రతి జట్టు ఇద్దర్ని ఎన్నుకోవాలి. ఒకరు తప్పనిసరిగా ఆడకూలీ అయివుండాలి.

రాత్రి కబురు వచ్చినప్పుడే ప్రతినిధి అయిదు ప్రశ్నలు అడగాలి. ఏ మందు? డబ్బా మీద ఏ రంగు? కలిపేదెవరు, దేనితో? చేలో సబ్బు, నీళ్లు వున్నాయా? మళ్లీ ఆ చేలోకి ఎప్పుడు దిగవచ్చు? ఒక్కడు అడిగితే పని పోతుంది. జట్టంతా అడిగితే జవాబు వస్తుంది.

కారే పంపు భుజానికెత్తుకోకూడదు. ఎండ ముదిరాక, గాలి లేచాక కొట్టకూడదు. వీటివల్ల ఆగిన పనికి కూలి కోయకూడదని ముందే మాట్లాడుకోవాలి. ట్యాంకు లెక్క మాని రోజు కూలి అడగాలి.

శిక్షణ పొలంలో, తెలుగులో, మంచినీళ్లు నింపిన పంపుతో జరగాలి. ఆ రోజు కూలి యివ్వాలి. కలిపే ఆడవాళ్లను, పరాయి జిల్లాల నుంచి వలసొచ్చిన వాళ్లను కూడా పిలవాలి. చూపు మసకబారడం, విపరీతంగా చెమట, లాలాజలం, వాంతులు, ఊపిరాడకపోవడం కనపడితే వెంటనే పని ఆపి, తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలని పిల్లలకు కూడా తెలియాలి. డబ్బా చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది.

ఊరికొక పుస్తకం పెట్టాలి. ఎవరికి, ఏ రోజు, ఏ మందుతో, ఏమయిందో రాయాలి. నెలకొకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, వ్యవసాయ అధికారికి నకలు యిచ్చి రసీదు తీసుకోవాలి. విషం సోకిన సంఘటనలు తెలియజేయమని ఆదేశించే అధికారాన్ని 1968 చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు యిచ్చింది. వాళ్లు అడగకపోతే మనమే చెబుదాం. మజ్జిగ తాగి పడుకున్నవాడి పేరు ఏ రికార్డులోనూ ఎక్కదు. రికార్డు లేని బాధ సర్కారు కంటికి ఆనదు.

మందు కొట్టే పనిని ప్రాణాపాయమున్న పనిగా ప్రకటించాలనీ, జట్టు ప్రతినిధులను, మండల ప్రతినిధులను గుర్తించాలనీ, 184వ ఒడంబడికను ఆమోదించాలనీ ప్రతి గ్రామసభలో తీర్మానం చేయించాలి.

పెద్దాసుపత్రి వార్డులో మంచం పక్కన కూర్చున్న ఆడమనిషిని "ఏ మందమ్మా?" అని డాక్టరు అడిగితే, "తెల్లగా వుందయ్యా" అనడం తప్ప ఆమెకు మరో జవాబు తెలియని స్థితి యింకా మన పల్లెల్లో వుంది. ఆ జవాబు మారాలి. వచ్చే సీజన్‌లో "రేపు పదిహేను ట్యాంకులు" అని కబురొస్తే, వెళ్లే ముందు ఆ అయిదు ప్రశ్నలూ అడిగి కదలండి.